వార్డులో అందరి ఊపిరీ ఇరవయ్యే

మనిషి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీసుకుంటాడని మీ వార్డులో ఏ చార్టునైనా అడగండి. ఇరవై అంటుంది. పడుచువాడికీ ఇరవయ్యే, పండు ముసలికీ ఇరవయ్యే. ఆయాసంతో వచ్చినవాడికీ, కాలు విరిగి వచ్చినవాడికీ అదే. దేవుడు మనుషులను రకరకాలుగా పుట్టించి, ఊపిరి మాత్రం అందరికీ ఒకే తూకం వేసి ఇచ్చాడేమో అనిపిస్తుంది. ఆయన అలా ఇవ్వలేదు. మనమే లెక్కపెట్టలేదు.

ముప్పై రెండేళ్లు నర్సుగా చేశాను. మొదట జిల్లాలో ఒక సర్కారు దవాఖానాలో, తర్వాత పటాన్‌చెరు దగ్గర ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, చివరి తొమ్మిదేళ్లు అక్కడే నర్సింగ్ సూపరింటెండెంటుగా. ఈమధ్య నర్సింగ్ కాలేజీ పిల్లలు కొందరు పటేల్‌గూడలో మా ఇంటికి వచ్చి, "మీ అనుభవాలు రాయండి మేడం, మాకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. స్ఫూర్తి నా దగ్గర లేదు. ఉన్నది ఒక్క విషయం, అదీ ఈ ఊపిరి లెక్క గురించి. దాన్ని బాగుచేద్దామని నేను చేసిన పని గురించి, అది చేశాక పోయిన ఒక మనిషి గురించి. తీయటి మాటలు కావాలనుకునేవాళ్లు ఇక్కడితో ఆపేయండి, నేనేమీ అనుకోను.

ఖాళీ మంచం

కొత్తగా చేరినప్పుడు మా వార్డుకు కరుణమ్మ సిస్టర్ ఇన్‌చార్జి. మెదక్ వైపు మనిషి. పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం గేటు దాకా వినిపించేది. ఛాతీ మీద పిన్నీసుతో ఒక చిన్న గడియారం తలకిందులుగా పెట్టుకునేది. ఆమెను చూసి నేనూ ఒకటి కొనుక్కున్నాను గానీ, అది అలంకారానికే పనికొచ్చింది.

ఒకరోజు పొద్దున పన్నెండు మంచాల చార్టులు కౌంటరు దగ్గర కూర్చునే నింపేశాను. జ్వరం, నాడి చాలామందికి నిజంగానే చూశాను, ఒట్టు. ఊపిరి మాత్రం చూడలేదు. అది చూడాలంటే మంచం పక్కన నిమిషం పాటు ఊరికే నిలబడాలి. ఊరికే నిలబడిన నర్సును చూస్తే అందరికీ ఏదో ఒక పని గుర్తొస్తుంది. అందుకని ఇరవై, ఇరవై, ఇరవై అని వేసుకుంటూ పోయాను. కరుణమ్మ సిస్టర్ ఆ చార్టులు పట్టుకుని రౌండుకు బయలుదేరి, ఏడో మంచం దగ్గర ఆగి నన్ను పిలిచింది.

"ఈ పేషెంటు ఊపిరెంత బిడ్డా?"

"ఇరవై, సిస్టర్."

"మంచిగ లెక్కవెట్టినవా?"

"పెట్టిన, సిస్టర్."

"శాబాష్. మనిషేమో పొద్దుగాల్నే డిశ్చార్జి అయి ఇంటికి పోయిండు. ఆ దుప్పటి ఊపిరి తీస్తున్నట్టుంది, జెర చెవి పెట్టి ఇను."

వార్డంతా నవ్వింది. నేను ఏడ్చాను. ఏడుపు తగ్గాక ఆమే పక్కకు తీసుకుపోయి నేర్పింది. ఊపిరి చూస్తున్నామని పేషెంటుకు చెప్పకూడదు, చెబితే మార్చి తీస్తాడు. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకోవాలి, కళ్లు ఛాతీ మీద ఉంచాలి, నిమిషం నిండేదాకా కదలకూడదు.

"అర నిమిషం సూసి రెండింతలు ఏసుకోవద్దు" అంది. "ఆ నిమిషంల మనిషిని సూస్తవు. పెదవులు సూస్తవు, మెడ సూస్తవు, కండ్లు సూస్తవు. లెక్క ఒక బహానా, గంతే."

తర్వాత ఎన్నో ట్రైనింగులకు పోయాను. ఇంతకంటే పనికొచ్చే మాట ఎక్కడా వినలేదు.

మూడు రంగుల కాగితం

ప్రైవేటు ఆసుపత్రిలో సూపరింటెండెంటు అయ్యాక, వార్డుల్లో అదే ఇరవై మళ్లీ కనబడింది. కడుపు మండింది. ఈ రోగం నేను కుదురుస్తానని పంతం పట్టాను. అప్పుడే మా పెద్ద సారు, అంటే ఆసుపత్రి పెట్టిన డాక్టరు గారు, నాణ్యత సర్టిఫికెట్ తెచ్చుకోవాలని ఉబలాటపడుతున్నారు. నా పంతమూ ఆయన ఉబలాటమూ కలిసి ఒక కాగితం పుట్టింది.

మంచి కాగితమే, ఇప్పటికీ అంటాను. నాలుగు గంటలకోసారి ఊపిరి, నాడి, బీపీ, జ్వరం రాయాలి. అంకె పచ్చ గడిలో ఉంటే భయం లేదు, పసుపులో ఉంటే డాక్టరుకు చెప్పాలి, ఎరుపులో ఉంటే పరుగెత్తాలి. ఊపిరి ఇరవై అయిదుకు వస్తే ఎరుపు. మనిషి చేజారిపోక ముందే పట్టుకోవాలని దాని ఉద్దేశం. రాత్రీ పగలూ కూర్చుని స్కేలుతో గీతలు గీశాను. పెద్ద సారు చూసి భుజం తట్టినంత పనిచేశారు. "సిస్టర్, ఒక్కటి గుర్తుంచుకోండి. రాయనిది జరగనట్టే" అన్నారు.

రాసినదంతా జరిగినట్టేనా సారూ అని నేను అప్పుడు అడగవలసింది.

ప్రతి మంగళవారం వార్డులు తిరిగి చార్టులు చూసేదాన్ని. గడి ఖాళీగా కనబడితే ఆ నర్సును అందరి ముందూ నిలబెట్టి దులిపేసేదాన్ని. నా నోరు అప్పట్లో కత్తెర. రెండు నెలల్లో ఖాళీలు మాయమయ్యాయి. నేను పొంగిపోయాను. రాసిన అంకె నిజమో కాదో చూడటానికి ఒక్క మంగళవారం కూడా ఒక్క పేషెంటు మణికట్టు పట్టుకోలేదు. ఖాళీని తిట్టాను, అబద్ధాన్ని ఒక్కసారీ తిట్టలేదు. ముప్పై పడకల వార్డుకు ఇద్దరే నర్సులు. మనిషికో నిమిషం చొప్పున ముప్పై మందికి ఊపిరి చూడటానికే ఎంతసేపు పడుతుందో నాకు లెక్క రాక కాదు. ఆ లెక్క వేస్తే ఇంకో ఇద్దరు నర్సులను ఇమ్మని పెద్ద సారు ముందు నిలబడాలి. కాగితం ఇచ్చినంత సులువుగా మనుషులను ఇవ్వరు. అందుకని ఆ లెక్క వేయలేదు.

నర్సింలు

నర్సింలుది చిట్కుల్. నలభై ఏళ్లుంటాయి. పాతకాలం నుంచి వ్యవసాయం చేసుకుంటున్న ఇల్లు. పొలంలో చాలామటుకు ప్లాట్ల కింద పోగా, మిగిలిన ఎకరంలో మక్క వేసుకుంటూ, మందుల ముడిసరుకు చేసే ఒక ఫ్యాక్టరీలో పనికి పోయేవాడు. ఆ రోజు పొద్దున షిఫ్టు దిగే ముందు యాసిడ్ పొంగి పసుపు పొగ లేచింది. దాన్ని పీల్చి దగ్గుతుంటే సూపర్‌వైజర్ తీసుకొచ్చాడు.

"కొంచెం పొగ తగిలింది మేడం. కుచ్ నహీ. గ్లూకోజ్ ఎక్కిస్తే సెట్ అయితడు" అన్నాడు.

మా డ్యూటీ డాక్టరు తెలివైనవాడు. ఈ పొగ సంగతి తెలిసినవాడు. మీరూ తెలుసుకోండి, ఈ చుట్టుపక్కల పనిచేసేవాళ్లకు ఇది తెలియకపోతే తప్పు. పీల్చగానే దగ్గు వస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది, మనిషి బాగున్నాడనుకుంటాం. గంటలు గడిచాక ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. అందుకని ఒక రోజంతా ఉంచి ఊపిరి గమనించమని రాసి, ఆపరేషన్ థియేటరుకు పోయాడు. ఊపిరి గమనించడం మా పని.

నేను చూసినప్పుడు నర్సింలు మంచం మీద బాసిపట్లు వేసుకుని కూర్చుని భార్య సత్తెమ్మతో పంచాయితీ పెట్టుకుంటున్నాడు. మోటరు బంద్ చేయకుండా వచ్చిందట ఆమె. నన్ను చూసి, "సిస్టరమ్మా, మీ గ్లూకోజ్ నీళ్లకంటె మా ఇంటామె కాసిన మక్కగట్క నయం. నన్ను ఇంటికి తోలుండ్రి" అన్నాడు. నవ్వేసి వచ్చాను. మరుసటి వారం సర్టిఫికెట్ వాళ్లు వస్తున్నారు, నా గదిలో ఫైళ్లు గుట్టగా ఉన్నాయి.

మధ్యాహ్నం రెండు దాటాక సత్తెమ్మ నా గది గుమ్మంలో నిలబడింది.

"సిస్టరమ్మా, జెర వచ్చి సూడుండ్రి. మనిషి గట్ల లేడు."

"ఎట్ల లేడు? దమ్ము వస్తుందా, నొప్పి ఉందా?"

"ఏమో నాకెరుక లేదు. పొద్దుగాల మోటరు గురించి లొల్లి పెట్టినోడు ఇప్పుడు ఏం అడిగినా ఒక్కటే మాట చెప్తున్నడు. అవునంటె అవును, కాదంటె కాదు."

వార్డు నర్సు శిరీషను ఫోనులో అడిగాను. చేరి అయిదు నెలలైన పిల్ల. అన్నీ చూశాను మేడం, నార్మలే అంది. సత్తెమ్మను వెళ్లి కూర్చోమన్నాను. మూడు గంటలకు మళ్లీ వచ్చింది. ఈసారి విసుక్కుంటూ వార్డుకు వెళ్లాను. వెళ్లినదాన్ని పది అడుగులు వేస్తే మంచం దగ్గర ఉండేదాన్ని. కౌంటరు దగ్గరే ఆగిపోయాను. అక్కడ నా కాగితం ఉంది. తీసి ఆమెకు చూపించాను.

"చూడు సత్తెమ్మా, అన్నీ పచ్చ గడిలనే ఉన్నయి. పచ్చ ఉంటే భయం లేనట్టు. నువ్వు పరేషాన్ కాకు."

ఆమె ఆ కాగితాన్ని చూడలేదు. నా ముఖం చూసింది.

"నాకు కాగితం ఎరుక లేదమ్మా. మనిషి ఎరుక. ఇరవై ఏండ్ల సంది ఆయన పక్కన పంటున్న. ఊపిరి గట్ల ఉండదు ఆయనది."

నాకు కోపం వచ్చింది. నిజం రాస్తున్నాను, జాలి రాలేదు, కోపమే వచ్చింది. నేను గీసిన కాగితం కంటే ఈమెకు ఎక్కువ తెలుసా అనిపించింది. వెనక్కి తిరిగి వచ్చేశాను.

నాలుగు కాకముందే వరండాలోంచి పెద్ద కేక. "ఒర్రకమ్మా, దవాఖాన ఇది" అని సెక్యూరిటీ అతను అదిలిస్తున్నాడు. "ఒర్రకపోతే ఎవరొస్తున్నరు!" అంది సత్తెమ్మ. పరుగెత్తాను. నర్సింలు మంచం అంచున కాళ్లు వేలాడేసి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి కూర్చున్నాడు. మెడ నరాలు తాళ్లలా లేచి ఉన్నాయి. పెదవులు నల్లబడ్డాయి. అలవాటుగా నా చెయ్యి అతని మణికట్టు మీదికి పోయింది. నిమిషం నిండక ముందే నలభై దాటింది. పెదవుల మీదికి ఎర్రటి నురగ వచ్చింది.

అందరూ వచ్చారు. గొట్టం వేశారు, మిషన్ పెట్టారు, అంబులెన్సులో సిటీకి పంపారు. ముత్తంగి జంక్షన్ దాటుతున్నామని వెంట వెళ్లిన నర్సు ఫోను చేసినప్పుడు గడియారం చూశాను, అయిదు కావొస్తోంది. అప్పుడు అతని చార్టు తెరిచాను. పదింటికి ఇరవై. రెండింటికి ఇరవై. సాయంత్రం ఆరింటికి ఇరవై.

ఆరు గంటలు ఇంకా కాలేదు. మంచం మీద మనిషి లేడు. ఊపిరి మాత్రం పచ్చ గడిలో ఉంది.

మూడో రోజు నర్సింలు పోయాడు.

ఆ సంతకం

శిరీషను గదిలోకి పిలిచి ఎంత మాట పడితే అంత మాట అన్నాను. వెక్కుతూనే జవాబు చెప్పింది.

"పదిహేను మంది మేడం నాకు. నిమిషం నిమిషం నిలవడితే సూదులు ఎప్పుడియ్యాలె? గడి ఖాళీ ఉంటె మీరు తిడ్తరని షిఫ్టు మొత్తానిది పొద్దున్నే రాసుకుంటం. నేనొక్కదాన్నే గాదు మేడం, అందరం గంతే."

 చిన్నవాళ్లు నిజం చెప్పినప్పుడు పెద్దవాళ్లు ఏం చేస్తారో నేనూ అదే చేశాను, ఇంకా గట్టిగా అరిచాను.

పెద్ద సారు గదిలో మీటింగ్ పెట్టారు. ఆయన చార్టును అటూ ఇటూ తిప్పి చూసి, "రికార్డు బాగానే ఉంది కదా సిస్టర్, మనకేమీ ఇబ్బంది రాదు" అన్నారు. ఆరు గంటల గడి ఆయనకూ కనబడింది. నేనూ చూపించలేదు, ఆయనా అడగలేదు. రోగిని కాపాడటానికి గీసిన కాగితం ఆసుపత్రిని కాపాడింది. శిరీషను తీసేయాలన్నారు. తీసేస్తున్నట్టు ఉత్తర్వు కింద సంతకం నాది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. మరుసటి వారం సర్టిఫికెట్ వాళ్లు వచ్చి ఆ మూడు రంగుల కాగితాన్ని మెచ్చుకుని పోయారు.

నెల తిరిగాక కాగితాలేవో కావాలని సత్తెమ్మ వచ్చింది. తిడుతుందేమో, తిడితే బాగుండునని ఎదురుచూశాను. ఆమె తిట్టలేదు. కుర్చీలో కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆ పిల్ల చిన్నది, దానికేం ఎరుక" అంది. "మీరన్నా వచ్చి సూస్తరేమో అనుకున్న సిస్టరమ్మా."

ఈ మాట ఇవాళ్టికీ నా చెవిలోంచి పోలేదు.

ఇంటివాళ్ల మాట

బుద్ధి వచ్చిందనుకున్నాను. కాగితం అడుగున ఇంకో గడి గీశాను. "ఇంటివాళ్ల మాట" అని పేరు పెట్టాను. పక్కన ఉన్న భార్యనో, తల్లినో, కొడుకునో షిఫ్టుకోసారి అడగాలి: మనిషి మీకు ఎప్పటిలాగే కనబడుతున్నాడా? వాళ్లు లేదంటే, అంకెలన్నీ పచ్చగా ఉన్నా సరే, డాక్టరు రావాలి. మనిషి మారడం అందరికంటే ముందు ఇంటివాళ్లకే తెలుస్తుంది. మన ప్రాంతంలో పేషెంటు వెంట నలుగురు వస్తారని విసుక్కుంటాం, తోలేస్తాం. సద్ది డబ్బా పట్టుకుని మంచం కింద కూర్చున్న ఆ మనిషి వార్డులో ఉన్న అన్ని మిషన్ల కంటే నయం. ఇది మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

మొదటి నెల నిజంగానే అడిగారు. ఒకరిద్దరు బతికారు కూడా. రెండో నెల "ఇబ్బంది లేదు" అన్న మాట ఎక్కువైంది. మూడో నెల ముప్పై చార్టుల్లోనూ ఒకే చేతిరాతతో "ఇబ్బంది లేదు". ఇంకో ఇద్దరు నర్సులు కావాలని అప్పుడు అడిగాను, రెండుసార్లు అడిగాను. చూద్దాం అన్నారు. మూడోసారి గొంతు పెంచవలసింది. రిటైర్మెంటు దగ్గరపడింది, నోట్లో కత్తెర మొద్దుబారింది. ఊరుకున్నాను.

పిల్లలూ, మీకు ఏం చెప్పమంటారు? తప్పు రాయడం కంటే ఖాళీ వదిలేయడం మంచిది. "చూడలేకపోయాను" అని రాయడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యానికి మీకు దక్కేది తిట్లే. ఇది తెలిసీ చెబుతున్నాను. మీ పైన నాలాంటివాళ్లే ఉంటారు.

పోయిన వానాకాలం

మా ఆయనకు నిమోనియా వచ్చింది. దగ్గరలో ఉందని అదే ఆసుపత్రికి తీసుకుపోయాను. అదే వార్డు, పదకొండో మంచం. నేనెవరో తెలిసిన నర్సులు ఒక్కరూ లేరు, అందరూ కొత్త పిల్లలు. పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ముప్పై రెండేళ్లలో ఆ స్టూలు మీద ఎప్పుడూ కూర్చోలేదు. అక్కడి నుంచి చూస్తే కౌంటరు చాలా దూరంగా ఉంటుంది.

రెండో రోజు పదకొండు గంటలప్పుడు ఆయన పేపరు చదవడం ఆపి కళ్లు మూసుకున్నాడు. టీ తాగుతావా అంటే తలూపాడు, మాట రాలేదు. మణికట్టు పట్టుకున్నాను. ముప్పై రెండు. కౌంటరు దగ్గరికి పోయి చెప్పాను. అక్కడి పిల్ల మర్యాదగానే లేచి చార్టు తీసి చూపించింది.

"చూడండి మేడం, అన్నీ నార్మలే. పచ్చల్నే ఉన్నయి. మీరు పరేషాన్ కాకండి."

మూడు రంగులూ అలాగే ఉన్నాయి. ఊపిరి ఇరవై. అడుగున "ఇంటివాళ్ల మాట" అని నేను గీసిన గడి. అందులో నీలం సిరాతో "ఇబ్బంది లేదు".

ఆ ఇంటిమనిషిని నేను. నన్ను ఎవరూ అడగలేదు.

అరిచాను. ఈ కాగితం గీసింది నేనని, ఈ ఆసుపత్రిలో తొమ్మిదేళ్లు సూపరింటెండెంటుగా చేశానని, పెద్ద సారు నంబరు నా ఫోనులో ఉందని అరిచాను. రెండు నిమిషాల్లో డాక్టరు వచ్చాడు, ఆక్సిజన్ వచ్చింది, ఎక్స్‌రే మిషన్ వచ్చింది. మా ఆయన బతికాడు. రెండు రోజుల తర్వాత మాస్కు పక్కకు జరిపి, "గదేనా నీ కాగితం? మంచిగ గీసినవ్ పో" అని వెక్కిరించాడు కూడా. నవ్వాను. నవ్వుతుంటే సత్తెమ్మ గుర్తొచ్చింది. ఆమె మూడుసార్లు చెప్పింది, నేను ఒక్కసారే చెప్పాను. ఆమె చెప్పినది నా మాట కంటే ఏమీ తక్కువ కాదు. హోదా ఒక్కటే ఆమెకు లేదు. ఇన్నేళ్లలో నేను బాగుచేసింది ఏమీ లేదని అప్పుడు అర్థమైంది.

ఆ రోజే, పదకొండు గంటలప్పటి హడావిడి సద్దుమణిగాక, పన్నెండో మంచం దగ్గర కూర్చున్న ఆమె లేచి నా కొంగు పట్టుకుంది. ఇస్నాపూర్ వైపు పల్లెటూరు మనిషి. ఆమె భర్తకూ ఊపిరితిత్తుల జబ్బే.

"అమ్మా, మీరు చెప్తె ఉరికొచ్చిండ్రు. నేను పొద్దుగాల సంది చెప్తున్న, ఇంటలేరు. మా ఆయనది గూడ జెర లెక్కవెట్టి చెప్పుండ్రి."

అతని చెయ్యి పట్టుకుని నిమిషం నిలబడ్డాను. ఇరవై మూడు. పసుపు. డాక్టరును పిలిచి చూపించాను, మందు మార్చాడు. నాలుగు రోజులైతే నేను ఇంటికి పోతాను, ఆమె ఇక్కడే ఉంటుంది. అందుకని పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. మణికట్టు ఎలా పట్టుకోవాలో, పొట్ట లేచినప్పుడల్లా ఎలా లెక్కపెట్టాలో, ఫోనులో నిమిషం ఎలా చూడాలో చెప్పాను. తొందరగానే పట్టుకుంది. నాలుగుసార్లు లెక్కపెట్టి నాలుగుసార్లూ సరిగ్గా చెప్పింది. కరుణమ్మ సిస్టర్ ఉంటే శాబాష్ అనేది.

తర్వాత అడిగింది.

"ఎంతకు వస్తె ఒర్రాలమ్మా?"

"ఇరవై అయిదు" అన్నాను.

ఇరవై అయిదు, ఇరవై అయిదు అని రెండుసార్లు తనలో తాను అనుకుంది, మరిచిపోకుండా. ఒర్రితే ఎవరైనా వస్తారా అని అడగలేదు.